ఎర్ర పెన్సిలు గీత

మా మేడ మీద గదిలో అద్దెకుండే అమ్మాయి కంప్యూటరులో ప్రోగ్రాములు రాస్తుంది. ఇంట్లో కూచునే ఉద్యోగం. కరెంటు పోయినప్పుడల్లా కిందికి దిగి, నా వంటింటి గడప మీద కూలబడి, వాళ్ళ ఆఫీసువాళ్ళని తిట్టుకుంటూ ఉంటుంది. మొన్న కూడా అట్లాగే వచ్చి, "అమ్మమ్మగారూ, పొద్దుటి నుంచీ తల పగలగొట్టుకుంటున్నానండీ" అంది.

ఏమిటమ్మా అంటే చెప్పింది. ఒక అంకెని ఫంక్షనుకి అప్పగించిందట. ఫంక్షనంటే పెళ్లీ పేరంటమూ కాదు, ఇచ్చింది పుచ్చుకుని ఒక చిన్న పని చేసిపెట్టే ప్రోగ్రాము ముక్క. ఆ ముక్క అంకెకి పది కలిపింది. లోపల చూస్తే కలిసినట్టే కనిపిస్తోంది. తీరా బయటికొచ్చి చూస్తే అంకె ఎప్పటిలాగే ఉంది.

"నువ్వు నకలిచ్చి ఉంటావు" అన్నాను, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ.

ఆ పిల్ల నావంక విచిత్రంగా చూసింది. ఆ భాషలో మామూలుగా ఏదిచ్చినా నకలే వెళుతుందట. లోపలివాడు దాని మీద ఎన్ని దిద్దుళ్ళు దిద్దుకున్నా అసలుకి అంటదు. అసలుదాన్నే చేతికివ్వాలంటే పేరుకి ముందు చిన్న గుర్తొకటి పెట్టాలట. అది పెట్టడం మరిచిపోయింది. "ఇంతేనా, ఛ!" అనుకుంటూ నవ్వుతూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను మాత్రం చిక్కుడుకాయలు సగంలోనే పక్కన పెట్టేశాను. ఆ పూట వంట ఆలస్యమైంది.

నకళ్ళు తీయడం ఒకప్పుడు నా ఉద్యోగం. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాను. అప్పుడప్పుడే పెద్ద కాలువ పనులు మొదలవుతున్నాయి. ఆ పనులు చూసే ఆఫీసొకటి గుంటూరుకి పడమరగా ఉన్న మా ఊళ్ళో, మూతపడిన ఒక పత్తి గోదాములో పెట్టారు. గోడల సందుల్లో ఇంకా దూది పోగులుండేవి. ఫ్యాను వేస్తే అవి లేచి సిరాలో పడేవి. నాన్న పోయాక ఇంట్లో అమ్మా ముగ్గురు తమ్ముళ్ళూ మిగిలారు. చేతిరాత బాగుందని, గీత వణకదని నన్ను ట్రేసరుగా తీసుకున్నారు. ఆరునెలలకోసారి పొడిగించే ఉద్యోగం. ప్రతిసారీ ఆర్డరు చేతికొచ్చేదాకా భయమే.

పని ఇదీ. ఇంజనీర్లు కాలువలకీ పిల్ల కాలువలకీ దళసరి కాగితం మీద పెన్సిలుతో ప్లాను గీసేవారు. దాని మీద మైనం పట్టించిన పల్చటి గుడ్డ పరిచి, నల్లసిరాతో ప్రతి గీతా మళ్ళీ గీయాలి. అదే ట్రేసింగు. సంతకాలయ్యాక ఇక అదే అసలు. దాన్ని ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి హెడ్డుగారు మొలతాడుకి కట్టుకునేవారు. హెడ్డుగారంటే మా డ్రాయింగు గదికి పెద్ద. మంచివారే, కానీ ఆ బీరువా దగ్గరికి మాత్రం ఎవరినీ చేరనిచ్చేవారు కాదు.

పొలాల్లో తిరిగేవాళ్ళకి ఆ గుడ్డ ఇవ్వరు. దాన్నుంచి నీలం ప్రింటు తీసి ఇస్తారు. ఆ తీసేదాన్నీ నేనే. మందు పూసిన కాగితం మీద ట్రేసింగు గుడ్డ వేసి, అద్దం చట్రంలో బిగించి, డాబా మీద ఎండలో పెట్టాలి. వేసవిలో నాలుగు నిమిషాలు చాలు, మబ్బు పట్టిందంటే అరగంట. తర్వాత కాగితం తీసి తొట్టిలో నీళ్ళలో కడిగితే నీలం కాగితం మీద తెల్ల గీతలు తేలతాయి. వాటిని తీగ మీద ఆరేసేదాన్ని. మా గుంటూరు ఎండ గురించి చెప్పాలా! నా చీరలన్నీ భుజాల దగ్గర వెలిసిపోయాయి. గోళ్ళ సందుల్లో నీలం ఎన్ని కుంకుడుకాయలు పెట్టి రుద్దినా పోయేది కాదు. ఇంటికెళ్ళి అన్నం కలుపుకోవాలన్నా విసుగ్గా ఉండేది.

ఒక్కో ప్లానుకి ఏడెనిమిది ప్రింట్లు బయట తిరుగుతుండేవి. పని దగ్గరుండి చేయించే ఓవర్సీరుకొకటి, కాంట్రాక్టరుకొకటి, తహసీల్దారు ఆఫీసుకొకటి, ఇట్లా. తమాషా ఏమిటంటే, ఎవరి చేతిలో ఏ కాగితముంటే వాళ్ళకి అదే ప్లాను. "ప్లాన్లో ఉందండీ" అనేవాళ్ళు, తమ చేతిలోది చూపించి. దాని మీద వాళ్ళేం రాసుకున్నా బీరువాలోని గుడ్డకి ఆ సంగతి తెలియదు. తెలియాలంటే సవరణ చీటీ రావాలి. ఓవర్సీరు రాసి, ఇంజనీరుగారు సంతకం పెట్టి పంపితే, అప్పుడు హెడ్డుగారు బీరువా తెరిచి, బ్లేడుతో పాత గీత గీకి, కొత్త గీత గీయమని నా చేతికిస్తారు. మేడ మీద అమ్మాయికి ఒక చిన్న గుర్తు చాలింది. మాకు ముగ్గురు కదలాల్సి వచ్చేది.

ఇంకో పద్ధతుండేది. మందు కాగితం ఎప్పుడూ కరువే. అందుకని కొత్త ప్రింటు కావాలంటే పాతది, ఎంత చినిగినా సరే, తెచ్చి అప్పగించాలి. దాని మీద "రద్దు" అని ముద్ర వేసి మూల కట్టలో పడేసేవాళ్ళం. వెనకవైపు తెల్లగా ఉంటుంది గనక అటెండరు వాటితో రిజిస్టర్లకి అట్టలు వేసేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పద్ధతి నా నెత్తికి చుట్టుకుంది.

నేను ఉద్యోగంలో చేరిన అయిదో ఏడు, దీపావళి వెళ్ళిన వారానికి, మడతల దగ్గర చిరిగి, చెమటకి తడిసి మెత్తబడ్డ ప్రింటొకటి టపాలో వచ్చింది. ఊరికి నాలుగు కోసుల, అంటే ఎనిమిది మైళ్ళ దూరంలో ఒక పిల్ల కాలువ ప్లాను. ఆ కాలువ చూసే ఓవర్సీరుగారు కొత్త ప్రింటు అడుగుతూ పాతది పంపారు. విప్పి చూస్తే ఒకచోట తెల్ల గీత మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, పక్కగా వంపు తిరిగిన ఎర్ర గీత లాగి ఉంది. గీత జరిగింది ఇరవై గజాలుంటుందేమో. పక్కనున్న బండ్ల డొంక మీదుగా మళ్ళించారు. ఎందుకు మళ్ళించారో కూడా తెలుస్తూనే ఉంది. పాత గీత సరిగ్గా ఒక చిన్న సున్నా మీదుగా పోతోంది. మా ప్లాన్లలో సున్నా అంటే బావి.

టపాలో చీటీ ఏమైనా ఉందేమోనని చూశాను. లేదు. హెడ్డుగారి దగ్గరికి తీసుకెళ్ళి, "ఇందులో మార్పు చేసినట్టున్నారండీ" అన్నాను.

"చీటీ వచ్చిందా?"

"రాలేదండీ."

"వస్తే చూద్దాంలే. నువ్వు ప్రింటు తీసి పంపెయ్" అన్నారు, కళ్ళజోడు కూడా ఎత్తకుండా.

ఆ ఓవర్సీరుగారు ఏమనుకున్నారో తర్వాత ఊహించుకున్నాను. పొలం గట్టు మీద నిలబడి, అందరి ముందూ గీత కొట్టేసి మళ్ళీ గీసి, "మార్చేశాను" అని ఉంటారు. మార్చేశాననే నమ్మి ఉంటారు. చేతిలో ఉన్నది ప్లానేగా మరి!

ఆ మధ్యాహ్నమే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొడగరి. చేతిలో గొడుగు, తల మీదినుంచి కప్పుకున్న ముతక నేత చీర కొంగు, కాళ్ళకి పిక్కల దాకా నల్లరేగడి మట్టి ఎండిపోయి ఉంది. మగవాళ్ళు అన్నాలకి వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు దగ్గర నిలబడే గట్టిగా అడిగింది.

"ఏమ్మాయ్, కాలవ కాయితాలు గీసేది ఇక్కడేనా?"

"ఇక్కడే పెద్దమ్మా. బయటివాళ్ళు లోపలికి రాకూడదు."

"నేనేమన్నా ఎత్తకపోతానా! నా బాయి సంగతి ఒకటి చూడాలి. చూసి పోతా." అంటూనే లోపలికొచ్చి నా బల్ల పక్కన నేల మీద కూచుంది.

ఆవిడ సంగతి ఆవిడే చెప్పింది. ఎకరన్నర మిరప చేను. పెనిమిటి పోయి ఆరేళ్ళు. ఆ బావి ఆయన తవ్విందే. మూడు వేసవులు తవ్వాడట. దాచేపల్లి వైపు నుంచి బండి మీద రాళ్ళు తోలుకొచ్చి వరస కట్టాడు. చుట్టుపక్కల ఏ చేలో తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి, ఈ బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు పడ్డాయి. మిరప నారు పెంచేది ఆ నీళ్ళతోనే. కోతలకొచ్చే కూలీలందరూ తాగేదీ ఆ నీళ్ళే.

"కాలవొస్తంటే బాయెందుకే నీకు అని ఊళ్ళో ఒకటే ఎగతాళి. కాలవ ఎప్పుడొచ్చేనో, వొచ్చినా ఏడాదికి ఎన్ని నెలలు పారేనో! తాగటానికి బాయి కావాలా వొద్దా? డబ్బులిస్తామంటారు. నాకు డబ్బులెందుకు, నీళ్ళు కావాలిగానీ" అంది. "ఓవర్సీరుగారి కాళ్ళా వేళ్ళా పడితే, సరేనని డొంక మీదగా మార్చాడు. నా కళ్ళముందే ఎర్రగా గీశాడు. మంచాయనే. అయినా ఆఫీసులో కూడా మారిందో లేదో ఒకసారి నా కళ్ళతో చూద్దామని నడిచొచ్చా."

నాలుగు కోసులు నడిచి వచ్చింది. అప్పటికి నేను పొద్దుటి నుంచి ఎనిమిది ప్రింట్లు తీశాను. మబ్బు ఎండ. ఒక్కో చట్రానికీ మెట్లెక్కి దిగి నా మోకాళ్ళు పట్టేశాయి. కళ్ళు మండుతున్నాయి. ఇంకా అన్నం తినలేదు. ఎవరైనా వచ్చి చూస్తే బయటి మనిషిని కూచోబెట్టుకున్నానని మాట పడాలి. ఆవిడ తొందరగా వెళ్ళిపోతే బాగుండుననిపించింది. బల్ల మీద ఆ ఎర్ర గీత ప్రింటు విప్పే ఉంది. దాన్ని తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇదుగో పెద్దమ్మా. ఈ సున్నా నీ బావి. ఇదుగో ఎర్ర గీత. పక్కకి జరిపారు."

ఆవిడ కాగితం మీదికి వంగింది. సున్నా మీద వేలు పెట్టబోయి, మట్టి అంటుకుంటుందని చీర చెంగుకి తుడుచుకుని మరీ పెట్టింది. చాలాసేపు చూసింది. "ఇదేనా అసలుది?" అని అడిగింది.

ఆ మాట ఆవిడ అడగకుండా ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. అడిగింది. చదువురాని మనిషి, సరిగ్గా అడగవలసిందే అడిగింది. అసలుది బీరువాలో ఉందనీ, దాని మీద ఎర్ర గీత లేదనీ, చీటీ రాలేదనీ, ఓవర్సీరుగారిని పట్టుకుని చీటీ రాయించుకోమనీ చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. చెబితే ఆవిడ ఇంకో పది ప్రశ్నలు అడుగుతుంది. నాకు ఓపిక లేదు.

"మారినట్టే పెద్దమ్మా. నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "సల్లగుండు తల్లీ" అని లేచి, కొంగున కట్టుకొచ్చిన పచ్చిమిరపకాయలు గుప్పెడు నా బల్ల మీద పెట్టింది. పచ్చడి చేసుకోమంది. ఆవిడ వెళ్ళాక నేను బీరువాలోని ట్రేసింగు అడిగి తీసుకుని, డాబా మీదికెళ్ళి కొత్త ప్రింటు తీశాను. అందులో పాత గీతే వచ్చింది. గుడ్డ మీద ఉన్నదే రాక ఇంకేం వస్తుంది? ఎర్ర పెన్సిలుతో ఆ వంపు గీత దాని మీద కూడా లాగుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ప్రింటు తీసేవాళ్ళు దాని మీద రాయకూడదని రూలు. గీయలేదు. పాతదాని మీద "రద్దు" ముద్ర కొట్టి కట్టలో పడేశాను. చీటీ వస్తుందిలే అనుకున్నాను.

మిరపకాయలు ఇంటికి తీసుకెళితే అమ్మ చింతకాయ వేసి నూరింది. తమ్ముళ్ళు పోటీలు పడి తిన్నారు.

చీటీ రాలేదు. సంక్రాంతి లోపలే ఆ ఓవర్సీరుగారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో ఒంగోలు వైపునుంచి ఇంకొకాయన వచ్చాడు. చిన్నవాడు, నిదానస్థుడు, ఒక్క గజం అటూ ఇటూ పోనివ్వడని పేరు. ఆయన చేతికి వెళ్ళింది నేను తీసిన కొత్త ప్రింటే.

మాఘమాసంలో, మిరప రెండో కోత నడుస్తుండగా ఆ పిల్ల కాలువ తవ్వకం మొదలైంది. ఒకరోజు పదకొండింటికి కాలువ దగ్గర్నుంచి సైకిలు మీద ఒక మనిషి చీటీ పట్టుకుని వచ్చాడు. మేమందరం గదిలోనే ఉన్నాం. హెడ్డుగారు చీటీ విప్పి అందరికీ వినపడేట్టు చదివారు. ఎవరో ముసలమ్మ బావికి అడ్డంగా కూచుని తవ్వనివ్వడం లేదట. ప్లాను ఎప్పుడో మారిందంటోందట. ఆఫీసులో చూశానని కూడా అంటోందట. పని ఆపి ఉంచాను, ఏ సంగతో తెలియజేయవలసింది అని ఆ కొత్త ఓవర్సీరు రాశాడు. నిజంగా మంచివాడు. ఇంకొకడైతే ఆపేవాడే కాదు.

హెడ్డుగారు మొలతాడు తాళంచెవితో బీరువా తెరిచారు. ట్రేసింగు గుడ్డ తీసి బల్ల మీద పరిచారు. అందరం చుట్టూ మూగి చూశాం. నేను నాలుగేళ్ళ కిందట నా చేత్తో గీసిన నల్ల గీత, సున్నా మీదుగా తిన్నగా పోతోంది. ఒక్క చోట గీకిన మచ్చ కూడా లేదు.

"ఇందులో ఏ మార్పూ లేదే! ఆఫీసులో ఎవరు చూపిస్తారు ఆవిడకి?" అన్నారు.

నేను నోరు తెరవలేదు. నేను చూపించానంటే బయటివాళ్ళకి ఆఫీసు కాగితం చూపించినట్టు ఒప్పుకోవాలి. నా పొడిగింపు ఆర్డరు రావడానికి ఇంకా పదిహేను రోజులుంది. కిందటేడు ఇంకో ట్రేసరుని ఇంతకన్నా చిన్నదానికే ఇంటికి పంపారు. నాకు అమ్మ కనిపించింది, ముగ్గురు తమ్ముళ్ళూ కనిపించారు. భయపడ్డాను. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. ఎర్ర గీత కాగితం మూల కట్టలోనే ఉంటుంది, తీసి చూపిస్తే ఇంజనీరుగారి దాకా వెళ్ళి ఆలోచించేవాళ్ళేమో. చూపించలేదు. సిరాబుడ్డి మూత తీసి మళ్ళీ పెట్టాను.

హెడ్డుగారు ఆ చీటీ కిందే "ప్లాను ప్రకారం చేయవలెను" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. సైకిలు మనిషి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు పదహారు ప్రింట్లు తీశాను. రెండు మాడిపోయాయి.

ఆవిడ వారం తిరక్కుండానే వచ్చింది. ఈసారి మగవాళ్ళందరూ ఉండగానే తిన్నగా లోపలికొచ్చింది. గొడుగు లేదు. నా బల్ల ముందు నిలబడింది. అటెండరు "ఏయ్, ఎవరమ్మా నువ్వు" అంటూ లేచాడు గానీ, ఆవిడ వాడివంక చూడను కూడా చూడలేదు.

"పూడ్చారమ్మాయ్" అంది. "ఇంత లోతు బాయి. ఒక్క పూటలో పూడ్చారు. కట్ట దాని నెత్తి మీదగా పోతంది."

నేను కలం కింద పెట్టాను.

"నువ్వు చూపిచ్చావుగా! ఎర్రగీత నేను చూశాగా ఈ కళ్ళతో! నేనక్కడ మట్టిలో కూకుని మొత్తుకున్నా, ఆఫీసులో గీతలు గీసే అమ్మాయి చూపిచ్చింది, ఆ అమ్మాయినడగండయ్యా అని. మనిషిని పంపాడుగా ఆ కొత్తాయన! వాడొచ్చి నిన్ను అడిగాడా?"

గది గదంతా నావంక చూస్తోంది. హెడ్డుగారు కళ్ళజోడు ఎత్తి చూస్తున్నారు.

"అడగలేదు" అన్నాను.

అది అబద్ధం కాదు. సైకిలు మనిషి నన్ను అడగలేదు. హెడ్డుగారికి చీటీ ఇచ్చాడు, అంతే. ఇన్నేళ్ళలో ఆ మాటని ఎన్ని విధాల తిప్పుకున్నా, అందులో ఒక్క అబద్ధపు ముక్క కూడా దొరకదు. అయినా అంత పెద్ద అబద్ధం నేను జీవితంలో ఇంకోటి ఆడలేదు.

"ఏదీ ఆ కాయితం? తియ్యి. వీళ్ళందరికీ చూపియ్యి" అంది ఆవిడ.

లేచి మూలకి వెళ్ళాను. కట్ట విప్పి ఒక్కొక్కటే తిరగేశాను. అదిగానీ దొరికితే అప్పుడైనా నోరు విప్పుదామనుకున్నాను. అందులో లేదు. రెండుసార్లు వెతికాను. అటెండరు పక్కకొచ్చి, "ఏంటమ్మా వెతుకుతున్నారు? పెద్దవన్నీ నేను డిసెంబరు ఆఖర్లో తీసి కొత్త రిజిస్టర్లకి అట్టలేశాగా" అన్నాడు.

నాకెందుకో వెంటనే తెలిసిపోయింది. హెడ్డుగారి బల్ల మీద హాజరు పట్టీ ఉంది. దాని అట్ట తెల్లగా, మడతల మచ్చలతో ఉంది. వెళ్ళి తీసుకుని, అట్ట మడత విప్పి లోపలివైపు చూశాను. నీలం. "రద్దు" అని నేను కొట్టిన ముద్ర. దాని కింద చిన్న సున్నా, దాన్ని తప్పించుకుంటూ డొంక మీదికి వంపు తిరిగిన ఎర్ర గీత. జనవరి మొదటి తారీకు నుంచి రోజూ పొద్దున్నే ఆ పట్టీ తెరిచి నా పేరెదురుగా సంతకం పెడుతున్నాను. సైకిలు మనిషి చీటీ తెచ్చిన రోజున కూడా పెట్టాను. అట్ట లోపల ఏముందో ఒక్కసారీ చూసుకోలేదు.

అట్ట ఊడదీసి ఆవిడ చేతికివ్వబోయాను. "ఇదే పెద్దమ్మా. తీసుకో. నేనే చూపించాను. తప్పు నాదే" అన్నాను. అందరి ముందూ అన్నాను. నా ఉద్యోగం సంగతి ఆ నిమిషాన గుర్తు రాలేదు, కానీ ఆ ధైర్యం వారం ఆలస్యంగా వచ్చింది.

ఆవిడ కాగితం అందుకోలేదు. వంగి చూసింది. ఈసారి వేలు తుడుచుకోకుండానే సున్నా మీద పెట్టింది. నీలం కాగితం మీద మట్టి వేలిముద్ర పడింది.

"నాకెందుకమ్మా ఇది. బాయి మీ దాంట్లో బాగానే ఉందిగా" అంది. "మీకాడే ఉంచుకోండి. దప్పికైనప్పుడు తోడుకుని తాగు."

అరవలేదు. తిట్టలేదు. నేనైతే తిడుతుందనే అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. డాబా ఎక్కితే రోడ్డు కనిపిస్తుంది. ఆ ఎండలో నాలుగు కోసులు నడవాలి. తాగడానికి నీళ్ళు కూడా ఇవ్వలేదని తర్వాత గుర్తొచ్చింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఆ సాయంత్రం హెడ్డుగారు, "ఆ రోజు నువ్వు నాకు చూపించావు గదా ఆ ప్రింటు. నేనే చీటీ చీటీ అన్నాను" అన్నారు. నా పొడిగింపు ఆర్డరు కాగితం మీద ఆయనే గట్టిగా రాసి పంపారని తర్వాత తెలిసింది. నన్ను కాపాడారు. ఆయన కళ్ళలోకి చూడడం మాత్రం నాకు ఆ తర్వాత కష్టమైపోయింది. ఆయనకీ అంతేనేమో.

ఆ చేలో మిరప నారు తర్వాత పోశారో లేదో నాకు తెలియదు. వెళ్ళి చూడాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళి ఏమని చెప్పను? ఆవిడ మళ్ళీ ఆఫీసుకి రాలేదు.

మేడ మీద అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. చెబితే "అయ్యో" అంటుంది, రెండు రోజులు నన్ను జాలిగా చూస్తుంది. నాకు అదీ విసుగే.

అట్ట ఊడదీశానని చెప్పాను కదా. మర్నాడు పొద్దున పదింటికి వెళ్ళేసరికి అటెండరు దాన్ని పట్టీ వెన్ను దగ్గర మాత్రం మైదాపిండితో మళ్ళీ అతికించేశాడు. ఊడిందనుకున్నాడు పాపం. ఇంకో కాగితం వెయ్యమని వాడికి చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ పట్టీ డిసెంబరు ఆఖరు దాకా నడిచింది. ఆదివారాలు పోను రోజూ అట్ట ఎత్తి, ఆ మట్టి వేలిముద్ర చూసి, సంతకం పెట్టాను.